కృపానందంగారి తుఫాను రిహార్సలు

బుధవారం పొద్దున్నే ఉప్మా తింటూ కృపానందంగారు భార్యకు ఒక రహస్యం చెప్పారు. దివిసీమ ఉప్పెన వచ్చిపోయిన మరుసటి ఏడాది అది. ఆపద వేళ అందరికీ కబురందించే బాధ్యతను, గన్నవరం రోడ్డు పక్కనున్న విశ్వవిద్యాలయ కేంద్రంవారు ఆయన నెత్తిన పెట్టారు. భౌతికశాస్త్రం చెప్పే మనిషి కదా, పని పద్ధతిగా చేశారు. ఆపదొస్తే అందరూ లైబ్రరీ మేడెక్కాలని ముందే చాటించారు. గంట, మైకు, టెలిఫోను, నోటీసు బోర్డు. ఒకటి మొరాయిస్తే ఇంకొకటి ఆదుకుంటుంది. దీన్ని పరీక్షించడానికి డిప్యూటీ రిజిస్ట్రారు తిరుపతిరావుగారు మర్నాడు వస్తున్నారు. ఆయన మెచ్చితే కృపానందంగారికి ఆ వ్యవస్థ అధికారి పదవి ఖాయం. మెచ్చకపోతే మళ్ళీ సాయంకాలం క్లాసులే గతి.

"రేపు పదింటికి తుఫాను రిహార్సలు. నిజం తుఫాను కాదని ముందే తెలిస్తే ఒక్కడూ కదలడు. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి రూతూ. నువ్వు ప్రార్థన మాత్రం చెయ్యి."

"నేనెవరికి చెబుతానండీ," అంది రూతమ్మ, ఇంకాస్త ఉప్మా వడ్డిస్తూ.

న్యాయంగా చెప్పాలంటే ఆవిడ మాట తప్పలేదు. ఆ సాయంత్రం వాళ్ళుండే పటమటలో స్త్రీల ప్రార్థన కూడిక జరిగింది. ఎవరికేం కష్టముందో చెప్పుకునే వేళ ఆవిడ లేచి నిలబడి, "రేపు పదింటికి తుఫాను విషయంలో మావారికీ, కాలేజీ పిల్లలకీ దేవుడు తోడుండాలి. ఇంతకంటే అడక్కండి, రహస్యం," అని కూర్చుంది. రిహార్సలన్న మాట ఆవిడ నోటి వెంట రానే లేదు.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఆయనకి గవర్నమెంటు నించి కబురొచ్చుంటుంది. జనం కంగారుపడతారని చెప్పనివ్వట్లేదు," అని తేల్చేసింది పాస్టరుగారి భార్య మార్తమ్మ. దానమ్మ కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. నిరుడు ఉప్పెనలో అక్కనీ బావనీ పోగొట్టుకున్న మనిషి. ప్రార్థన అయ్యీ అవకుండానే హాస్టలుకు పరుగెత్తింది. మార్తమ్మ మిగతా ఇళ్ళ సంగతి చూసుకుంది. ప్రతి గుమ్మంలోనూ "ఎవరితోనూ అనకండే" అని చివర తగిలించడం వల్ల కబురు మరింత జోరుగా నడిచింది.

గురువారం కృపానందంగారు స్టేషనుకు వెళ్ళి తిరుపతిరావుగారిని జీపులో తీసుకొచ్చారు. ఎండ మాడ్చేస్తోంది. ఆవరణలో నరమానవుడు లేడు. అందరూ క్లాసుల్లో ఉన్నారు కాబోలనుకుని కృపానందంగారు ధీమాగా తానే గంట కొట్టారు. ఎవరూ రాలేదు. మైకు పట్టుకుంటే కరెంటు లేదు. హాస్టలుకు ఫోను చేస్తే మోగుతూనే ఉంది తప్ప ఎత్తే దిక్కు లేదు. నోటీసు బోర్డు తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంది, ఆ వాచ్‌మనే లేడు.

"ఏమండీ, మీ జనం ఏరీ?" అన్నారు తిరుపతిరావుగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

కృపానందంగారికి సాయంకాలం క్లాసులు కళ్ళ ముందు కదిలాయి. అంతలో లైబ్రరీ మేడ మీంచి పాట వినిపించింది. ఇద్దరూ మెట్లెక్కి చూస్తే పైన ఇసకేస్తే రాలనంత జనం. విద్యార్థులు, లెక్చరర్లు, వాచ్‌మన్, పటమటలో సగం సంసారాలు, వాళ్ళ మధ్య రూతమ్మ, లాంతర్లు, పులిహోర గిన్నెలు, ఎవరిదో మేక.

తిరుపతిరావుగారు వాచీ చూసుకున్నారు. "పది దాటి పది నిమిషాలైనా కాలేదు, అప్పుడే అందరూ ఎక్కేశారా? ఎలా సాధించారండీ?"

"అంతా పద్ధతండీ," అన్నారు కృపానందంగారు. ఏం జరిగిందో ఆయనకు బొత్తిగా తెలియదు గానీ, ఆ సంగతి చెప్పుకోవడానికి అది సమయం కాదు.

"భేష్. మరి దింపండి."

కృపానందంగారు గొంతు సవరించుకున్నారు. "ప్రమాదమేం లేదు. ఇది రిహార్సలు మాత్రమే. అందరూ దిగండి."

ఒక్కరు కదిలితే ఒట్టు. "పాపం, నిజం చెప్పకూడదని మాస్టారికి పైవాళ్ళ ఆర్డరు," అన్నాడు వాచ్‌మన్ జాలిగా. దానమ్మ మాత్రం గిన్నె మీంచి చెయ్యి తియ్యకుండా, "అయ్యగారూ, నిరుడు మాకు చెప్పినోళ్ళు లేరండి. ఈసారి చెప్పారు. నేను దిగనండి," అంది.

కృపానందంగారికి తన పదవి తప్ప ఇంకేదీ ఆలోచించనందుకు సిగ్గేసింది. గబగబా కిటికీ దగ్గర కూర్చున్న భార్య దగ్గరికి నడిచారు.

"రూతూ, ఇది రిహార్సలని చెప్పు."

"రహస్యం అన్నారు కదండీ. ప్రాణం పోయినా చెప్పను."

"నేనే చెప్పమంటున్నాను కదా."

"ముందే ఆ ముక్క అనొచ్చుగా," అని రూతమ్మ లేచి వెళ్ళి మార్తమ్మ చెవిలో ఏదో ఊదింది. చివర "ఎవరితోనూ అనకండి" అని కూడా అంది. తిరుపతిరావుగారు ఎవరో ఇచ్చిన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టేలోగా మేడ ఖాళీ అయింది. అందరికంటే ఆఖర్న దానమ్మ ఆగి, "నిజమేనామ్మా?" అని అడిగింది. "నిజమే దానమ్మా, భయం లేదు," అంది రూతమ్మ ఆమె చెయ్యి పట్టుకుని. దానమ్మ గిన్నె నెత్తిన పెట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగింది.

"కృపానందంగారూ, మీ గంటా మైకూ చూశాను. ఆవిడెవరండీ?" అన్నారు తిరుపతిరావుగారు.

"మా ఆవిడండీ."

కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. అత్యవసర సమాచార వ్యవస్థకు బాధ్యురాలు శ్రీమతి రూతు. కృపానందంగారు ఆవిడకు సహాయకులు. ఏ కబురొచ్చినా ముందు ఆవిడ చెవిన వెయ్యడం వారి విధి. ఆ కాగితం నోటీసు బోర్డు ఎక్కేసరికి పటమటలో ఈ సంగతి తెలియని మనిషి ఒక్క కృపానందంగారే.