నూరుకు డెబ్బై ఎనిమిది పప్పు

బడిలో నేను హెడ్‌మాస్టర్ని. ఇంట్లో ఏమిటన్నది ఇంతవరకు ఎవరూ ఉత్తర్వులు ఇవ్వలేదు. బెళుగుప్పకు పడమరగా, వాన దారి తప్పితే తప్ప రాని ఊళ్ళో మా బడి. నా పేరు ఇమాం హుస్సేన్. నా భార్య షరీఫాబీకి అప్పటికి అక్షరం ముక్క రాదు. ఆ ఒక్క ధైర్యంతోనే నేనీ సాహసానికి దిగాను.

సంగతేమిటంటే, పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మా అమ్మాయి దాదాబీ ఎనిమిదో తరగతి సర్కారు పరీక్ష రాసింది. జిల్లా అంతటికీ ఒకే ప్రశ్నపత్రం, దిద్దేవాళ్ళు ఎక్కడో ఉంటారు. పిల్ల బడికి మొదటిదిగా వస్తే అనంతపురం హైస్కూలుకు పంపాలి, హాస్టల్లో ఉండి చదువుకుంటుంది, లేకపోతే ఇంటిపట్టునే ఉంటుందని మాకు ఏడాది కిందటే ఒప్పందం. ఒప్పందమంటే షరీఫా చెప్పింది, నేను తలూపాను. చిన్నప్పుడు ఆమెను పలక పట్టనివ్వలేదు. ఆ కొరత కూతురి దగ్గర తీర్చుకోవాలని ఆమె పట్టుదల.

మే నెలలో ఒక బుధవారం మార్కుల కాగితాలు పోస్టులో వచ్చాయి. దాదాబీకి ఆరు వందలకు నాలుగు వందల అరవై ఎనిమిది. బడిలో ఒకటో నంబరు. పోస్టాఫీసు నుంచి ఎట్లా నడిచి వచ్చానో నాకు తెలియదు. ఇంటి మలుపు దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి.

పిల్ల వెళ్ళిపోతే బడి రిజిస్టర్లు ఎవరు రాస్తారు? నా చేతిరాత చూసి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు ఒకసారి ఇదేం భాష అని అడిగాడు. అప్పటినుంచి హాజరుపట్టీ మొదలు నెలసరి రిపోర్టు దాకా అన్నీ నా కూతురి రాతే. నా కళ్ళజోడు నా నెత్తిమీదే ఉందని చెప్పేది కూడా ఆ పిల్లే. నిజం చెప్పాలంటే ఇవన్నీ సాకులు. సాయంత్రం నేను వచ్చేసరికి ఆ పిల్ల గడప మీద కూర్చుని లేకపోతే, ఆ ఇంట్లోకి ఎట్లా అడుగుపెట్టాలో నాకు తెలియలేదు.

దాదాబీ అప్పుడు రాప్తాడులో అమ్మమ్మ దగ్గర ఉంది. ఆదివారం దాకా రాదు. హైస్కూలు దరఖాస్తుకు శనివారంతో గడువు సరి. నాలుగు రోజులు నెట్టుకొస్తే చాలు. అబద్ధం ఆడకూడదు, నిజం చెప్పకూడదు. ఇంట్లోకి వెళ్ళి ఒక నిట్టూర్పు విడిచాను.

“పాసైంది గానీ, పోయినేడు ఆరో నంబరు. ఈసారి ఒకటి.”

షరీఫా జొన్నరొట్టె తట్టుతూ ఉంది. “ఆరు నుంచి ఒకటికి పడిపోయిందా?”

“నువ్వే చూడు. ఆరు నూర్లలో నూటా ముప్పై రెండు పోగొట్టుకుండాది.”

“అట్లయితే హైస్కూలు వద్దంటావు.”

“నేనెందుకంటా. కాగితమే అంటాండాది.”

“సరేలే, రొట్టె తిను,” అంది.

పదహారేళ్ళ కాపురంలో షరీఫా సరేలే అనడం అదే మొదటిసారి. అక్కడే నేను భయపడి ఉండాల్సింది. దానికి బదులు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

ఒక్క సంగతి మరిచిపోయాను. శుక్రవారం బడిలో పిల్లల తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి, మార్కులంటే ఏమిటో విడమరిచి చెప్పాలని ఇన్‌స్పెక్టరు ఆర్డరు. దీనికి కారణం మా ఊరి బయ్యన్న. అంతకు ముందేడు వాళ్ళ పిల్లవాడి కాగితంలో తప్పిన మూడు సబ్జెక్టుల కింద ఎర్ర సిరా గీతలు వచ్చాయి. దొరలు ముచ్చటపడి గీశారనుకుని, బయ్యన్న దాన్ని అనంతపురం తీసుకుపోయి పటం కట్టించి దేవుళ్ళ పక్కన తగిలించాడు. అప్పటినుంచి అతను పటం బయ్యన్న అయ్యాడు.

శుక్రవారం అందరూ వచ్చారు. రెండో వరుసలో, పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుని షరీఫా కూర్చుంది. నా చేతిలో సుద్దముక్క విరిగింది.

సగటు, శాతం, నంబరు అని అరగంట చెప్పాను. ఇద్దరు నిద్రపోయారు. మేలుకుని ఉన్నవాళ్ళలో కుళ్ళాయప్ప లేచాడు. తన కొడుకుది ఇరవయ్యో నంబరు, తిప్పేస్వామి కొడుకుది మూడో నంబరు కాబట్టి తనవాడే పదిహేడు ఎక్కువ కదా అని మీసం దువ్వాడు. నాలోని అయ్యవారు నన్నడక్కుండా జవాబు చెప్పేశాడు.

“కాదప్పా. నంబరు ఎంత చిన్నదైతే అంత గొప్ప. ఒకటిని మించింది లేదు.”

మాట బయటికి వచ్చాక షరీఫా వైపు చూశాను. ఆమె కొంగు సర్దుకుంది, అంతే.

అప్పుడు నల్లమ్మ అడిగింది. ఏడాదంతా బడికి పోయిన పిల్లవాణ్ణి మూడు గంటల్లో ఎట్లా తూచినారని ఆమె ప్రశ్న. ఆమె కొడుక్కి నూరుకు ముప్పై వచ్చాయి. కాగితాన్ని మడిచి మడిచి తమలపాకంత చేసింది. నేను మళ్ళీ శాతాల దగ్గరికి వెళ్ళబోతుంటే షరీఫా లేచి, “సారూ, నేను చెప్తా,” అని ముందుకు వచ్చింది. కొంగు ముడి విప్పితే దోసెడు వేరుశనగకాయలు. తయారై వచ్చిందన్నమాట.

“మండీకి బండెడు మూటలు తోలుకపోతే అన్నీ ఒలిచి చూస్తారా నల్లమ్మా? దోసెడు తీసి ఒలుస్తారు. పప్పెంత, పొట్టెంత, నూరుకు లెక్క కడతారు. యా ఊరి కాయలకైనా అదే తక్కెడ. పరీక్ష కూడా ఆ దోసెడే.”

నిద్రపోతున్న ఇద్దరూ లేచారు. నల్లమ్మ మాత్రం తల దించుకుని, నావాడిది పొట్టే కదక్కా అంది.

“మూడు నెల్లు నీతోబాటు కరువుపనికి రాళ్ళు కొట్టనీకె వచ్చినాడు కదా. వాన పడని ఏడు పప్పు తగ్గితే విత్తనం పారేస్తామా? మళ్ళా విత్తు. వస్తాది.”

నల్లమ్మ కళ్ళు తుడుచుకుని కాగితం మడతలు విప్పి, చేత్తో సాపు చేసుకుంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో అంత మంచి పాఠం నేనొక్కటి చెప్పలేదు. ఈమె నా భార్య అని అరవాలనిపించింది. నా సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

“ఇంగొకటి సారూ,” అంది షరీఫా. “ఆరు నూర్లకు నూటా ముప్పై రెండు పొట్టు పోతే, నూరుకెంత?”

“ఇరవై రెండు,” అన్నాను.

“పప్పు?”

“డెబ్బై ఎనిమిది.”

ఆమె జనం వైపు తిరిగింది. “మా నాయన గార్లదిన్నె మండీలో ముప్పై ఏండ్లు కాయలు ఒలిచి చూసినాడు. డెబ్బై ఆరు దాటింది ఎప్పుడూ చూడలేదు.”

ఎవరి బిడ్డమ్మా అది అని కుళ్ళాయప్ప అడిగాడు. అయ్యవారి బిడ్డే, నంబరు ఆయన్నే అడగండి అంది. బడంతా నా వైపు చూసింది.

“ఒకటి,” అన్నాను. సిగ్గేసింది. కానీ నవ్వు మాత్రం ఆగలేదు. ఆ ఒకటి అనే మాటను ఊరంతా వినేటట్టు ఎప్పుడెప్పుడు చెబుదామా అని రెండు రోజులుగా నా కడుపు ఉబ్బిపోతూ ఉంది మరి.

ఇంటికి వస్తే నడవలో రేకుపెట్టె సర్ది ఉంది. బుధవారమే బస్సు డ్రైవరు చేత రాప్తాడుకు కబురు పంపిందట. పిల్ల సాయంత్రం బస్సుకే వస్తోంది. నీకెట్లా తెలిసిందని అడిగాను.

“పోస్టాఫీసు నుంచి నువ్వొచ్చిన నడక చూసినా. పడిపోయిన బిడ్డ నాయన అట్లా నడవడు. మళ్ళా మలుపుకాడ నిలబడి కండ్లు తుడుచుకుంటివి.” రేకుపెట్టె మూత మూసి, “నాకు మాత్రం ఇల్లు బోసిపోదా? పోనీలే. దరఖాస్తు రాయి,” అంది.

రాశాను. నా రాత చూసి, బస్సు దిగిన దాదాబీ మళ్ళీ రాసింది. పొద్దు వాలే వేళకు బయ్యన్న వచ్చాడు. తన పటం ఖాళీ చేసి, అద్దం తుడిచి తెచ్చాడు. మా అమ్మాయి కాగితం అందులో పెట్టి తనే గోడకు మేకు కొట్టాడు.

ఇది జరిగి రెండేళ్ళు. దాదాబీ ఉత్తరాలు నేను చదివితే షరీఫాకు నమ్మకం లేదు. ఏమి దాచానో అని అనుమానం. అందుకని పిల్ల పాత పలక తీసి నా ఎదురుగా కూర్చుని చదువు నేర్చుకుంది. ఇప్పుడు ఉత్తరాలు ఆమే చదివి నాకు వినిపిస్తుంది. బడి రిజిస్టర్లు నేనే రాస్తున్నాను, తప్పులు ఆమె దిద్దుతుంది, ఎర్ర సిరాతో.

పోయిన నెల రిపోర్టుకు నూరుకు అరవై రెండు పప్పు వేసింది. నా ముఖం చూసి, “విత్తనం మంచిదేలే, వాన చాలలేదు,” అంది.