సారయ్య మోకాలి మహాసంగ్రామము

వినుడు, జనులారా! మోకాళ్లు బాగున్నవారు నిలబడి వినుడు. తక్కినవారు గోడ కానుకొని వినుడు.

రోహిణికార్తె రాకమున్నే రోళ్లు పగులగొట్టెదనని ఎండ పంతము పట్టిన మే నెలలో, సిద్దిపేట పట్టణపు శివారున, రేకుల కప్పుగల ప్రార్థనామందిరమునందు, శుక్రవారము మధ్యాహ్నము పన్నెండున్నర గంటలకు, సువార్తసేవాధురంధరుడును, విద్యుత్స్తంభారోహణప్రవీణుడును, అరువదియెనిమిదేండ్ల వయస్సును నలువదియెనిమిదని నమ్ముకొన్నవాడును, ప్రమీలమ్మాప్రాణనాథుడును అగు సారయ్య మోకరించెను. ఈ వాక్యము ముగియునప్పటికి కథకునికే ఆయాసము వచ్చినది, ఇక సారయ్య సంగతి చెప్పవలెనా! మోకరించుట ఎవరికైనను సులభమే. కథ యంతయు లేచుటలో నున్నది.

కరెంటు ఆఫీసులో లైన్‌మనుగా పదవీవిరమణ చేసిన నాటినుండి సారయ్యయు, అతని ధర్మపత్ని ప్రమీలమ్మయు తమ సంఘము పంపిన ఊరికెల్ల మిషనరీ దంపతులై పోవుచుండిరి. ఈ వారము వారికి అప్పగింపబడినది యువజన శిబిరము. పొద్దున సర్కారు బడి గోడలకు సున్నము వేయుట, తుమ్మకంపలు కొట్టుట; పిమ్మట నలువదిమంది పిల్లలకు వాక్యము చెప్పుట. ఇది ముగిసినపిదప ఈ దంపతులను ఏడాదికాలము సేవకై అక్కన్నపేటకు పంపవలెనా, లేక చాలించుడని ఇంటికి పంపవలెనా అను నిర్ణయము సంఘ కార్యదర్శి కర్ణాకర్ చేతిలో నుండెను. అక్కన్నపేట అనగా ఆ దంపతులకు ప్రాణము. ఇంటికి అనగా టీవీ ముందర మందుబిళ్లల డబ్బా.

సోమవారమునాడే కర్ణాకర్ రెండు ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసి, "అన్నా, నువ్వూ వదినె గీ కుర్చీలల్ల కూసోండ్రి. కిందికి వంగుడు ఇంక మీతోని కాదు," అనెను.

అంతట సారయ్య మీసము దువ్వెను. మీసము లేదు, ఉండవలసిన చోటును దువ్వెను. దువ్వి యిట్లు గర్జించెను: "కుర్చీల కూసునేటోడు సేవేం జేస్తడు తమ్మీ? నేను కిందనే కూసుంట, కిందనే మోకరిస్త, ఎవ్వరి చెయ్యి వట్టకుంట లేస్త. వారంల ఒక్కనాడు తప్పినా నన్ను ఇంటికి పంపు. నోరెత్తి అడగ!"

"ఏందయ్యా గా మాటలు?" అని ప్రమీలమ్మ మోచేత పొడిచెను. ఆలస్యమైపోయెను. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత అతనికి తెలియును గాని, సమయమునకు గుర్తురాదు.

నాలుగు దినములు గోడ అడుగున గొంతుక్కూర్చుండి సున్నము వేసిన ఫలము శుక్రవారమునాడు పండినది. "అన్నా, అన్నమయింది. చిన్న ప్రార్థన చేసి ముగియ్యి," అని కర్ణాకర్ కోరగా, మగవారొకవైపు చాపలపై, ఆడువారొకవైపు చాపలపై మోకరించి కన్నులు మూసికొనిరి. సారయ్య రెండు నిమిషములు చక్కగా ప్రార్థించెను. ఇక "ఆమెన్" అనబోవుచు, అలవాటు చొప్పున కుడి మోకాలిని కదిపి చూచెను.

అది కదలలేదు! పట్టివేసినది. ఎడమదానిని ఆశ్రయించెను. అది తిమ్మిరిచే ఎప్పుడో శత్రుపక్షమున చేరియుండెను.

ఔరా! ఏమి చేయవలెను? ఆమెన్ అన్నచో అందరును లేతురు. పక్కనే యున్న కర్ణాకర్ చెయ్యి చాపును. చెయ్యి పట్టినచో అక్కన్నపేట పోవును, తనతోపాటు పాపము ప్రమీలమ్మకును పోవును. కావున ఆ వీరునికి ఒక్కటే యుద్ధతంత్రము తోచినది. ఆమెన్ అననంతవరకు ఎవ్వరును కన్ను తెరువరు. కన్ను తెరువనంతవరకు తాను ఓడినవాడు కాడు.

"ఇంకను ప్రభువా!" అని కంఠమెత్తెను. "హుస్నాబాదు రైతులను జ్ఞాపకము చేసికొనుము. వారి వరిని, పత్తిని, పురుగు పట్టకుండ కాపాడుము. మర్కూకు వారికి వేసవియందు నీటిని దయచేయుము. బస్సులను, వాటి డ్రైవర్లను, కండక్టర్లను ఆశీర్వదింపుము. సీటు దొరకక నిలబడి పోవువారిని దీవింపుము. నిలబడగలుగుట ఎంత భాగ్యము తండ్రీ!"

పెదవులు ఇట్లు పలుకుచుండగా, లోలోపల అతడు మోకాలితో వేరొక సంభాషణ నడుపుచుండెను. "ఓరీ విశ్వాసఘాతకా! ముప్పదియేండ్లు నిన్ను స్తంభములెక్కించి జగమంతయు చూపితినే! ప్రతిరాత్రి నువ్వులనూనెతో నిన్ను అభ్యంగనము చేసిన నాకా ఈ ద్రోహము? లెమ్ము! నా పరువు నిలుపుము!" ఆ వీరాలాపమునకు మోకాలు ఒక్క మాటలో బదులిచ్చెను: టక్కు. ఆ నొప్పికి సారయ్య "అయ్యో దేవా!" అని అరచెను. నలువదిమందియు భక్తితో "స్తోత్రం!" అనిరి.

కిటికీలోనుండి బగారన్నపు వాసనయు, కోడికూర వాసనయు జంటగా లోనికి చొచ్చెను. వెనుక వరుసలో వివేక్ అను కుఱ్ఱవాడు, "మన జిల్లాల ఇంకెన్ని మండలాలున్నయే?" అని గుసగుసలాడగా, అవతలి చాప అంచుననున్న అతని అక్క వర్షిత, "సప్పుడు జెయ్యకురా. ఇప్పుడే బస్సులు అయినయి," అనెను.

సారయ్యకు సిగ్గువేసెను. దేవునితో మాటలాడుచు ఆ దేవునినే అడ్డము పెట్టుకొంటినే యని మనసు పీకెను. అయినను నోరు ఆగలేదు. వింత యేమనగా, మూడు నిమిషములు దాటినచో దగ్గి హెచ్చరించు ప్రమీలమ్మ నేడు దగ్గలేదు. పైగా అతడు నెమ్మదించినపుడెల్ల "స్తోత్రం! స్తోత్రం!" అని ఎగదోయుచుండెను.

ఇరువదిరెండవ నిమిషమున వంట చేయు కొమురవ్వ గుమ్మమున నిలిచి, గరిటెతో గిన్నె మీద కొట్టి, "ఓ సారూ! దేవునికి ఇనవడ్డది గని, కూర సల్లవడుతుంది!" అని కేక వేసెను. అడ్డుకట్ట తెగెను. సారయ్య గత్యంతరము లేక "ఆమెన్" అనెను. నలువదిమందియు లేచి పళ్లెములవైపు పరుగిడిరి. ఆ తొక్కిడిని అదుపు చేయుటకు కర్ణాకర్ సైతము వారి వెంట పోయెను.

సారయ్య కన్నులు తెరచెను. ఖాళీ మందిరమున, అవతలి చాపమీద, ప్రమీలమ్మ ఇంకను మోకాళ్లమీదనే యుండెను.

"నీకేమైందే?"

"నీకేమైందో నాకు గదే అయింది. నువ్వు ఆమెన్ అంటే నేను లేవాలె. లేవరాదాయె. గందుకే స్తోత్రం స్తోత్రం అంటున్న."

సారయ్యకు నవ్వు ఆగలేదు. నవ్వగా మోకాలు నొచ్చెను, అయినను నవ్వెను. అతడు పక్కకు ఒరిగి, పిరుదులమీద డేకుచు, రెండు చాపల నడుమనున్న రాజ్యమునంతయు దాటి ఆమెను చేరెను.

"ఎవ్వరి చెయ్యి వట్టనంటివి గద?" అని ఆమె అడిగెను.

"అన్న. బుద్ధిలేక అన్న. నీ చెయ్యి తే."

ఒకటి, రెండు, మూడు అనిరి. లేవబోయి ఇద్దరును కూలబడిరి. మరల ఒకరి భుజమొకరు పట్టి, "ఓరి నాయినో" అని అతడును, "ఓ యవ్వో" అని ఆమెయు ఎలుగెత్తగా, నాలుగు మోకాళ్లు టపాకాయలవలె పేలగా, ఆహా, లేచిరి! చూచుచుండగనే నిలబడిరి!

అంతలో కర్ణాకర్ మరల తలుపు వద్దకు వచ్చెను. "ఇందాక తొంగి సూస్తే, అందరు పోయినా మీరు ప్రార్థనలనే ఉన్నరాయె. పిలువబుద్ధి కాలే అన్నా," అనెను. అతని కన్నులలో తడి.

అవునని తల ఊపినచో చాలును, అక్కన్నపేట చేతికి వచ్చును. సారయ్య తల ఊపలేదు. "ప్రార్థన మొదటి రెండు నిమిషాలే తమ్మీ. ఇంకో ఇరవై నిమిషాలు మోకాలు. ఇప్పుడు ఈమె చెయ్యి వట్టి లేచిన. మాట తప్పిన. మమ్ముల ఇంటికి పంపియ్యి," అనెను. ప్రమీలమ్మ నేలచూపులు చూచెను, కాని అతని చెయ్యి విడువలేదు.

కర్ణాకర్ ఇద్దరిని ఎగాదిగా చూచి పకపక నవ్వెను. "అన్నా, మనోళ్లు ఒక్కరినే పంపకుంట ఇద్దరిని ఎందుకు పంపుతరనుకున్నవ్? అక్కన్నపేటకు పొండ్రి. అన్నం ముంగట ప్రార్థన మాత్రం నిలవడి చెయ్యండ్రి."

ఇట్లు సారయ్య ప్రమీలాసమేతుడై, నేలనుండి నేలకు పైన మూడడుగుల ఎత్తుగల దుర్గమును జయించి, గిన్నె అడుగున మిగిలిన కోడిమెడ నొక్కదానిని విజయచిహ్నముగా గైకొని, సగము ఆమెకు పెట్టెను. ఈ గాథ విన్నవారు తమంతట తాము లేతురు గాక! లేవలేనివారికి, లేవలేని మరియొకరి చెయ్యి అందును గాక!