ఆకుపచ్చ గొడుగు పేషెంటు

ఆ రోజు ప్రొఫెసరమ్మ చేయవలసిన పనులు మూడే. తొమ్మిదింటికల్లా బాబాయిని విశ్వవిద్యాలయం ఆసుపత్రి గేటు దగ్గర దించాలి. పదింటికి కమిటీ ముందు కూర్చోవాలి. ఒంటిగంటకు తన పరిశోధన కేంద్రం ఫైలు మీద ఛైర్మన్ చేత సంతకం పెట్టించుకుని, ఇంటికొచ్చి అలమారు వెనక ఉన్న బోర్డు బయటికి తీయాలి. ఇందులో తేడా రావడానికి ఆమెకు ఎక్కడా సందు కనబడలేదు. అందుకే ఐదింటికే లేచి, చీర కట్టుకుని, కట్టుకున్నది నచ్చక ఇంకోటి కట్టుకుని, ఏడింటికల్లా చేయడానికి పనేమీ మిగలక ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

ఆ బోర్డు మీద "వైద్యసేవల మెరుగుదల పరిశోధన కేంద్రం" అని అందంగా రాసి ఉంది. కేంద్రం మంజూరు కాకముందే రాయించేసింది ప్రొఫెసరమ్మ. రెండేళ్లయింది. అలమారు చాటున పట్టక అరడుగు బయటికి పొడుచుకొచ్చిన చివర మీద వాళ్లమ్మ రోజూ తడి తువ్వాలు ఆరేస్తోంది. చెమ్మకి "కేంద్రం" అన్న మాట కాస్త ఉబ్బింది కూడా.

నిజానికి ఈ కేంద్రానికి పునాది అమ్మ మోకాలు. ఆరేళ్ల క్రితం ఆ మోకాలు చూపించడానికి తల్లీకూతుళ్లిద్దరూ ఇదే ఆసుపత్రికి వెళ్లి, టోకెను తీసుకుని, చెక్కబెంచీ మీద నాలుగు గంటలు కూర్చున్నారు. మోకాలి నొప్పితో వెళ్లిన అమ్మ నడుంనొప్పి కూడా వెంటబెట్టుకుని ఇంటికొచ్చింది. వచ్చి, "ఇంత చదువు చదివావు కదే, ఆ బెంచీ సంగతేదో చూడరాదూ?" అంది. అంతే, ప్రొఫెసరమ్మకు అది మనసులో నాటుకుపోయింది. డాక్టర్లు మంచివాళ్లే, మందులూ ఉన్నాయి. రోగికీ డాక్టరుకీ మధ్య ఉన్న ఆ ముప్పై అడుగుల దూరం నాలుగు గంటలు ఎందుకు పడుతోందో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. ఆ ఎవరో తనే కావాలని ఆరేళ్లుగా ఆమె తిరగని ఆఫీసు లేదు, పెట్టని అర్జీ లేదు. ఇవాళ కమిటీ కాదంటే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు.

కాదనడానికి ఒక మనిషి సిద్ధంగానే ఉన్నాడు. ఆయన ఆసుపత్రి సూపరింటెండెంటు. తన ఆసుపత్రిలో ఆలస్యమన్నదే లేదనీ, అదంతా బెంచీల మీద కూర్చున్నవాళ్ల భ్రమ అనీ ఆయన వాదన. అందుకే ప్రొఫెసరమ్మ ఒక ఉపాయం పన్నింది. ఉత్తుత్తి పేషెంటు ఒకరిని ఉదయమే లోపలికి పంపి, గేటు నుంచి డాక్టరు దాకా ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలిపించి, కమిటీకి అప్పటికప్పుడు వినిపించాలి. ఆ పేషెంటు బాబాయి. ముప్పై ఏళ్లు ఆఫీసు నాటకాల్లో రాజుగారి వెనక నిలబడే వేషాలే వేసిన బాబాయికి, మాటలున్న పాత్ర దొరకడం ఇదే మొదలు.

వారం రోజులుగా ఆయన ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. ఆ పొద్దున టిఫిను కూడా వద్దన్నాడు. కడుపునొప్పి మనిషి మొహంలో టిఫిను కళ కనబడకూడదట.

"ఇంతకీ నొప్పి పొడిచినట్టా, మెలిపెట్టినట్టా? అది తేలకపోతే మొహంలో భావం కుదరదమ్మడూ."

"ఏదో ఒకటి పెట్టుకో బాబాయ్. నిన్ను ఎవరూ చూడరు. చూడకపోవడమే మన పరిశోధన."

బాబాయి మనసు చివుక్కుమంది. అయినా కళాకారుడు గనక మింగేశాడు.

గడియారం పట్టుకుని వెంట ఉండే పని ప్రొఫెసరమ్మ తన దగ్గర పరిశోధన చేసే స్కాలరుకు అప్పగించింది. ఆ అమ్మాయి గీసిన గీత దాటని మనిషి. మనుషుల ముఖాలు తెలిస్తే జాలి పుడుతుందనీ, జాలి పుడితే లెక్క చెడుతుందనీ బాబాయిని ఆమెకు పరిచయం కూడా చేయలేదు. ఆయన చేతికి ఒక ఆకుపచ్చ గొడుగు ఇచ్చి, స్కాలరుతో, "నువ్వు మనిషిని చూడొద్దు. ఆ గొడుగును చూడు, టైము రాయి" అని మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పకుండా ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఆమెకు తెలియని సంగతి ఇంకొకటుంది. పొడిచినట్టా, మెలిపెట్టినట్టా అన్న సందేహం ఇంట్లో తీరక, బాబాయి ముందురోజు ఉదయం నడకలో కలిసే ఒక పెద్దమనిషిని అడిగాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ విషయమంతా విప్పాడు. ఆ పెద్దమనిషి అదే ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టు. ఆయన కూడా ఎవరికీ చెప్పొద్దనే సూపరింటెండెంటు చెవిన వేశాడు. వేసేటప్పుడు గొడుగు రంగు మరిచిపోయాడు. దాంతో సాయంత్రానికల్లా ఆసుపత్రిలో అందరికీ ఒక్కటే ఆర్డరు వెళ్లింది: రేపు గొడుగుతో ఎవరొచ్చినా క్షణం కూర్చోబెట్టకూడదు.

పదింటికి కమిటీ కూర్చుంది. ఛైర్మన్‌గారు మాట తక్కువ మనిషి. ఏది విన్నా ముందు చేతి గడియారం చూసుకుని, తర్వాత కాగితం మీద అంకె వేసుకుంటారు. పక్కన ఇద్దరు సభ్యులు ఆయన తల ఎటు ఊపితే అటు ఊపుతారు. ఎదురుగా సూపరింటెండెంటు, తెల్లకోటుకు ఇస్త్రీ మడత నలగకుండా నిటారుగా కూర్చున్నాడు. ప్రొఫెసరమ్మ లేచి నలభై పేజీల నివేదికను గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెబుతుంటే ఆమెకే ఒళ్లు పులకరించింది. చివర్లో, అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన ఒకరు కడుపునొప్పితో తొమ్మిదింటికి ఆసుపత్రిలో అడుగుపెట్టారనీ, గంటన్నర దాటినా ఆయన ఇంకా బెంచీ మీదే ఉండి ఉంటారనీ ధీమాగా చెప్పి, ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా స్కాలరుకు కలిపింది.

"డాక్టరు చూసేశారు మేడమ్. పదకొండు నిమిషాలు పట్టింది" అంది స్కాలరు.

ఛైర్మన్‌గారు గడియారం చూసుకుని కాగితం మీద 11 వేశారు. ప్రొఫెసరమ్మ ఫోను మీదికి వంగింది. సరిగ్గా చూశావా అని అడగబోయింది. స్కాలరు ఇంకా ముగించలేదు.

"తర్వాత కళ్ల విభాగంలో ఏడు నిమిషాలు. ఎముకల విభాగంలో తొమ్మిది. ఇప్పుడు ప్రసూతి విభాగంలోకి తీసుకెళ్తున్నారు మేడమ్. చక్రాల కుర్చీలో."

ఛైర్మన్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అరవై ఎనిమిదేళ్ల ఆయనకి ప్రసూతి విభాగంలో ఏం పనండీ?"

సూపరింటెండెంటు మొహంలో కూడా ఆ ప్రశ్నే ఉంది. కానీ ఆయన పదవిలో పండిన మనిషి.

"మేం ఏ పేషెంటునూ ఏ విభాగంలోనూ కాదనం సార్" అన్నాడు వినయంగా.

బాబాయి నాటకం శ్రుతి మించిందనీ, నొప్పిని కడుపు నుంచి కళ్లకీ, కళ్ల నుంచి ఎముకలకీ మార్చుకుంటూ ఆసుపత్రి మొత్తాన్ని రంగస్థలం చేసేశాడనీ అనుకుంది ప్రొఫెసరమ్మ. ఆయన తలుచుకుంటే పురుడు కూడా పోసుకోగలడని ఆమెకు నిజంగానే భయం వేసింది. కిటికీ దగ్గరికి వెళ్లింది. ఎదురుగా ఆసుపత్రి వాకిలి. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాకిట్లో మాత్రం ఎక్కడ చూసినా గొడుగులే. నల్లవి, పూలవి, ఊచ విరిగినవి. ఒకాయన చిన్నపిల్లల బొమ్మల గొడుగు నెత్తిన పెట్టుకుని హుందాగా లోపలికి నడుస్తున్నాడు. రోడ్డుకు అవతల దుకాణంవాడు గొడుగుల కట్ట విప్పి వాకిలి ముందే బేరం పెట్టాడు.

ఎండ ఎక్కువగా ఉంది కాబోలు అనుకుంది పాపం.

జరిగింది ఏమిటంటే, గేటు దగ్గర బాబాయికి ముందు ఒక తల్లి జ్వరంతో మూలుగుతున్న పిల్లాణ్ని భుజాన వేసుకుని ఎండలో నిలబడింది. బాబాయి మనసు వెన్న. గొడుగు ఆమె చేతికిచ్చి, "తర్వాత ఇద్దువుగానీ తల్లీ" అని తను టోకెను తీసుకుని లోపలి బెంచీ మీద కూర్చుని కడుపు పట్టుకున్నాడు. ఆ తల్లిని నర్సులు నేల మీద నడవనివ్వలేదు. బయటికొచ్చి బాబాయి కోసం వెతికి, కనబడక, కళ్లు మసకగా ఉన్నాయంటున్న ఒక ముసలాయనకు నీడకని గొడుగు ఇచ్చింది. ఆయనకూ అదే మర్యాద. ఆయన చేతి నుంచి చెయ్యి విరిగిన ఒకామెకు, ఆమె నుంచి ఒక నిండు చూలాలికి చేరింది. రెండో చేయి మారేసరికే వరుసలో నిలబడ్డవాళ్లకు గుట్టు అర్థమైపోయింది. ఇళ్లకు కబుర్లు వెళ్లాయి, అటకల మీది గొడుగులన్నీ కిందికి దిగాయి.

పన్నెండున్నరకు, మిగతా ఫైళ్లు ముగించుకుని, ఛైర్మన్‌గారు ఆ అద్భుతం కళ్లారా చూస్తామన్నారు. అందరూ కలిసి ఆసుపత్రికి నడిచారు. ప్రొఫెసరమ్మ ఉరికంబానికి నడిచినట్టు నడిచింది. లోపల చూస్తే బెంచీలు ఖాళీ. నర్సులు పరుగుల మీదున్నారు. లోపలికి అడుగుపెట్టినవాళ్లు పెట్టినట్టే డాక్టరు గదిలోకి వెళ్లిపోతున్నారు. సూపరింటెండెంటు ఒక్కో గది తలుపు తీసి చూపిస్తుంటే ఇస్త్రీ కోటులో ఆయన ఒక అంగుళం పెరిగినట్టు కనబడ్డాడు.

"మీ నివేదిక బాగా రాశారు ప్రొఫెసర్‌గారూ" అన్నారు ఛైర్మన్‌గారు. "కానీ ఈ ఆసుపత్రికి మీ కేంద్రం అవసరం లేదనిపిస్తోంది."

ఆయన ఫైలు తెరిచి కలం మూత తీశారు. ప్రొఫెసరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లు. ఇంటికెళ్లి అమ్మకు ఏం చెప్పాలి? ఆ బోర్డు ఇక పూర్తిగా తువ్వాళ్లకే అంకితం. కన్నీళ్లు ఎవరికీ కనబడకూడదని మొహం పక్కకు తిప్పుకుంది. తిప్పుకున్న వైపు, హాలు చివర, స్తంభం చాటు బెంచీ మీద, కడుపు పట్టుకుని ఒకే ఒక్క మనిషి వాలిపోయి ఉన్నాడు.

ఛైర్మన్‌గారి చూపు కూడా అటే వెళ్లింది. కలం చేత్తోనే ఆ మనిషి దగ్గరికి నడిచి, ఎంతసేపటి నుంచి కూర్చున్నారని అడిగారు.

"తొమ్మిది నుంచి బాబూ" అన్నాడు బాబాయి. నటన ఎప్పుడో పోయింది. టిఫిను లేని కడుపు పదకొండింటి నుంచి నిజంగానే మెలిపెడుతోంది.

"ఎవరూ పిలవలేదా?"

"గొడుగులున్నవాళ్లనే పిలుస్తున్నారు బాబూ. నా గొడుగు ఎవరికో ఇచ్చేశాను."

సూపరింటెండెంటు కోటు మడత సవరించుకున్నాడు. పక్క గదిలోంచి ఆకుపచ్చ గొడుగు వెనకాలే స్కాలరు బయటికొచ్చింది. గొడుగు కింద ఈసారి పంటినొప్పితో చెంప వాచిన ఒకాయన ఉన్నాడు. ప్రొఫెసరమ్మ నోట్సు లాక్కుని చూసింది. మనిషి మారిన ప్రతిసారీ స్కాలరు టైము పక్కన చిన్న చుక్క పెట్టింది. పద్నాలుగు చుక్కలున్నాయి.

"మనుషులు మారుతున్నారని నాకు చెప్పొద్దా?"

"మనిషిని చూడొద్దన్నారు కదా మేడమ్."

ప్రొఫెసరమ్మ ఒక్క క్షణం తల పట్టుకుంది. మరుక్షణం ఆమె మొహం వెలిగిపోయింది. నోట్సు ఛైర్మన్‌గారి ముందు పెట్టింది.

"సార్, ఈ డాక్టర్లే, ఈ గదులే, ఈ రోజే. గొడుగు ఉంటే పది నిమిషాలు, లేకపోతే నాలుగు గంటలు. అంటే వీళ్లు చూడగలరు సార్. ఎవర్ని ఎప్పుడు పిలవాలన్నదే ఎవరూ ఆలోచించలేదు. నలభై పేజీల్లో నేను చెప్పలేకపోయింది ఇదే."

ఛైర్మన్‌గారు చేతి గడియారం చూసుకున్నారు. ఒంటిగంట. 11 పక్కన 240 వేశారు. రెండిటి వంకా చాలాసేపు చూసి, బాబాయి పక్కన అదే బెంచీ మీద కూర్చుని, ఫైలు మోకాళ్ల మీద పెట్టుకుని సంతకం చేశారు. సభ్యులిద్దరూ తలలూపారు. సూపరింటెండెంటు కాసేపు నిలబడి, తర్వాత ఆయనా వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. రెండు నిమిషాలు కాగానే ఇటూ అటూ కదిలి, ఈ బెంచీలు కూడా పరిశోధనలో చేర్చమని మెల్లగా అన్నాడు. ప్రొఫెసరమ్మ బాబాయిని గట్టిగా కౌగిలించుకుంది. డాక్టరు ఇంకా చూడలేదని ఆయన లేవనన్నాడు.

వారం తిరగకుండా, పాత సామాన్ల గది ఖాళీ చేయించి, దాని తలుపు మీద, "కేంద్రం" దగ్గర కాస్త ఉబ్బిన బోర్డు తగిలించారు. అమ్మ వచ్చి చూసి మురిసిపోయింది, తువ్వాలు ఆరేసుకోవడానికి ఇంట్లో చోటు పోయిందని మాత్రం అంది. ఆకుపచ్చ గొడుగు ఇప్పటికీ తిరిగి రాలేదు. ఎవరి దగ్గరుందోగానీ, వాళ్లు పూర్తి ఆరోగ్యంగా ఉండి ఉంటారు.