కొక్కెం బరువు, అత్తగారి బరువు

కుటుంబం సమాజానికి పునాది అని పెద్దలు చెబుతూ ఉంటారు. అది పాత మాట. కుటుంబం అంటే కారు మోయవలసిన సరుకు. ఈ సత్యం ప్రతి ఇంటి కారుకీ డ్రైవరు తలుపు తీయగానే కనిపించే చిన్న చీటీ మీద అచ్చువేసి ఉంది: మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు మించరాదు. భార్య వేరు, ఐసు పెట్టె వేరు అని ఆ చీటీ ఎక్కడా తేడా చూపించదు. (సమానత్వం గురించి ఇంత సూటిగా రాసిన వాక్యం మా ఇండియానాలో మరొకటి లేదు.)

మా ఎదురింటి రాడ్నీ హోస్టెట్లర్ కారు కొన్న నాటినుంచీ ఆ చీటీ చదవలేదు. చదవనన్నాళ్లూ సుఖంగానే ఉన్నాడు. ఈ వసంతంలో ఎవరో వాడి వదిలేసిన ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఒకటి కొన్నాడు. లోపల పడకలు, పొయ్యి, మడిస్తే మంచమయ్యే బల్ల, మనిషి పక్కకి తిరిగితే మోచెయ్యి గోడకి కొట్టుకునే స్నానాలగది. జూలైలో భార్య జనెల్‌నీ, ఇద్దరు పిల్లల్నీ, అత్తగారు ఆర్లీన్‌నీ ఎక్కించుకుని మిషిగన్‌లో లూన్ సరస్సుకి పోవాలని అతని సంకల్పం.

ఆర్లీన్ పెళ్లయిన ఏటినుంచీ ఆ సరస్సు ఒడ్డున ఒకటే చోట గుడారం వేసేది. భర్త పోయాక వెళ్లడం మానేసింది. ఈసారి వెళ్లి తీరతానని, జనవరిలో బుకింగు తెరవగానే ఆ చోటుని తన పేర పట్టేసింది. అప్పటినుంచీ ఆవిడ గాలపు కర్రలు రాడ్నీ ఇంటి హాల్లో గోడకి ఆనించే ఉన్నాయి. మంచు కురుస్తున్న రోజుల్లో కూడా వాటిని తుడుస్తూ కనిపించేది.

ఇక కారుకీ ట్రైలర్‌కీ మధ్య ఒక కొక్కెం కావాలి. రాడ్నీ చదువుకున్నవాడు కనుక దుకాణానికి వెళ్లి కొనుక్కోకుండా ఇంటర్నెట్‌లో అడిగాడు.

అక్కడ ట్రైలర్లు లాగేవాళ్లంతా చేరిన లాగుడు పెద్దల సభ అని ఒకటుంది. దానికి రాజ్యాంగం ఉంది, హోదాలున్నాయి. కొత్తగా చేరినవాడు, ట్రైలర్ తగిలించే ఇనుపగుండు పేర, గుండు సభ్యుడు. కొన్నాళ్లు సలహాలిస్తే గొలుసు సభ్యుడు. ఎవరూ అడగకుండానే సలహా ఇవ్వగలిగే స్థితికి చేరినవాడు మహాకొక్కెం. ప్రస్తుత మహాకొక్కెం లాయిడ్ అనే రిటైరైన పెద్దమనిషి. (ఏ ఉద్యోగంలో రిటైరయ్యాడో తెలియదు. సలహాల్లో మాత్రం కాలేదు.) సభ మొదటి అధికరణం ప్రకారం ఏ ప్రశ్నకైనా తొలి జవాబు ఒక్కటే: ఇంకా పెద్ద ట్రక్కు కొను. ట్రైలర్‌లోకి దోమలు వస్తున్నాయని మొరపెట్టుకున్నవాడికి కూడా ఇదే చెప్పారు.

ట్రక్కు కొనే స్తోమత లేదని రాడ్నీ విన్నవించుకున్నాడు. సభ జాలిపడి ప్రాయశ్చిత్తం విధించింది. లారీ పక్కనుంచి దూసుకుపోతే ఆ గాలికి ట్రైలర్ ఊగుతుంది, కనుక ఊగుడు ఆపే కడ్డీ. ట్రైలర్ ముక్కు కారు వెనక భాగాన్ని కుంగదీస్తుంది, కనుక ఆ భారాన్ని ముందు చక్రాలకి పంచే ఇనుప కమ్ములు, వాటిని మోయడానికి ఒక్కడు ఎత్తలేనంత కొక్కెం. బ్రేకులకి ఒక పెట్టె. కొక్కెం ఊడితే పట్టుకోవడానికి గొలుసులు, గొలుసులు తెగితే బ్రేకు వేయడానికి తీగ. తీగ తెగితే ఏం చెయ్యాలన్న దాని మీద సభలో ఇంకా చర్చ నడుస్తోంది.

ఇందులో ఒక చిన్న చిక్కుంది. కుటుంబ క్షేమం కోసం కారుకి బిగించిన ప్రతి ఇనుపముక్కా ఆ చీటీ మీది బరువులోంచే తన వాటా తీసుకుంటుంది. ట్రైలర్ ముక్కు బరువు కూడా అందులోకే వస్తుంది. అంటే క్షేమం పెరిగినకొద్దీ కుటుంబానికి చోటు తగ్గుతుంది. పెద్ద కొక్కెం వచ్చిన రోజు పిల్లల సైకిళ్లు దిగాయి. కమ్ములు వచ్చిన రోజు ఐసు పెట్టె దిగింది. బ్రేకు పెట్టె వచ్చాక కుక్కని జనెల్ చెల్లెలి ఇంట్లో వదిలారు. (కుక్క అప్పీలు చేసుకోలేదు.)

"ఇంకా ఎవర్ని దించుతావ్?" అని జనెల్ వాకిట్లోనే నిలదీసింది. నేను మా గడ్డి కోసుకుంటూ వింటున్నాను.

"ఎవర్నీ దించను. మనం అయిదుగురం సరిగ్గా సరిపోతాం. లెక్క కట్టేశా."

"దేంతో కట్టావ్? మమ్మల్నెవర్నీ కాటా ఎక్కించలేదుగా?"

"నీదీ నాదీ మీ అమ్మదీ లైసెన్సుల్లో చూశా. పిల్లలవి స్కూలు వాళ్లిచ్చారు."

మా రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్సు మీద మనిషి బరువు కూడా వేస్తారు. ఎవరూ తూచరు. కౌంటరులో అమ్మాయి అడుగుతుంది, మనం చెబుతాం, ఆవిడ తలెత్తకుండా ఎక్కించుకుంటుంది. పదహారో ఏట చెప్పిన అంకెని తర్వాత మార్చడం మా వైపు ఆచారం కాదు. జుట్టు నెరుస్తుంది, ఇంటిపేరు మారుతుంది, బరువు మాత్రం ప్రభుత్వ రికార్డుల్లో నిత్యయవ్వనంతో వర్ధిల్లుతుంది. ఆ అంకెల మీద రాడ్నీ కట్టిన లెక్క ప్రకారం కారులో ఇంకా ఒక పుచ్చకాయకి చోటు మిగిలింది.

శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. నేనూ అదే సరస్సుకి, నా పాత కారులో, వెనకసీట్లో గుడారం పడేసుకుని వాళ్ల వెంటే వెళ్లాను. (లాగడానికి ఏమీ లేనివాణ్ణి సభ మనిషి కింద లెక్కకట్టదు.) మిషిగన్ పొలిమేర దాటకముందే లారీల కాటా మీద బండి మొత్తం తూయించాలని మహాకొక్కెం ఆదేశం. తూయించారు. తూకం చీటీ చేత్తో పట్టుకుని రాడ్నీ అక్కడే నిలబడిపోయాడు.

"మించింది," అన్నాడు.

"ఎంత?" అంది జనెల్.

"ఇంచుమించు ఒక మనిషంత."

"కాటా తప్పేమో."

"లారీలు తూచే కాటా అది."

"అయితే లారీల్నే తూచుకోమను!"

"జనెల్, కోప్పడకు. నీ లైసెన్సు మీదున్న అంకె..."

"దానికేం? గవర్నమెంటు ఒప్పుకుంది, నువ్వెవడివి కాదనడానికి? ముందు నీది తియ్. హైస్కూల్లో కుస్తీ పట్టినప్పటి బరువు కదూ అది? ఆ కుస్తీ కుర్రాడు ఇప్పుడు మనింట్లో ఎక్కడున్నాడో కాస్త చూపించు!"

రాడ్నీ ఫోను తీసి సభని ఆశ్రయించాడు. జవాబు వెంటనే వచ్చింది. మొదటిది, ఇంకా పెద్ద ట్రక్కు కొను. రెండోది, కొనలేకపోతే, బరువు నిర్ధారణ అయిన సరుకుని ముందు దించు. బరువు తెలియని సరుకుని దించడం వల్ల ఎంత తగ్గిందో తెలియదు కనుక అది శాస్త్రీయం కాదు.

వెనకసీట్లోంచి ఆర్లీన్ అంది: "నాది నిజమేనయ్యా. పోయినేడు లైసెన్సు మార్పించుకున్నప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశా. ఈ వయసులో ఇంకెవరికోసం దాచుకోవాలి?"

ఆ విధంగా కారు మొత్తం మీద నిర్ధారణ అయిన పెద్దమనిషి ఆవిడ ఒక్కతే అని తేలింది. (నిజాయితీకి తగిన గుర్తింపు లభిస్తుందని విన్నాను. చూడడం అదే మొదటిసారి.)

"అత్తయ్యా, మరేం అనుకోకండి... ఇక్కణ్ణుంచి బస్సుంటుంది. నేను దగ్గరుండి ఎక్కిస్తా."

"ఎక్కడికి బస్సు?"

రాడ్నీ బూట్ల వంక చూసుకున్నాడు. "ఇంటికి."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ కొక్కెం కమ్ములు దించరాదుటయ్యా?" అన్నాను. గుళ్లోంచి దేవుణ్ణి దించమన్నట్టు చూశాడు నా వంక.

"అవి తీసేస్తే సేఫ్టీ ఏముంటుంది? అదంతా మా ఫ్యామిలీ కోసమేగా!"

ఆర్లీన్ దిగింది. గాలపు కర్రలు బయటికి లాక్కుంది. జనెల్ కళ్లనీళ్లతో తలుపు తీయబోతే, "నువ్వు కూర్చో తల్లీ. నువ్వు దిగితే నీ బరువెంతో లెక్క తేలిపోతుంది," అని ఆ తలుపు తనే మూసి, తిన్నగా వచ్చి నా పక్కసీట్లో కూర్చుంది.

చాలా దూరం పోయాక కిటికీ వైపు తిరిగి అంది: "మా ఆయన పడవని బంపరుకి తాడేసి లాక్కొచ్చేవాడు. తెగేది. దిగి మళ్లీ కట్టేవాడు. నన్నెప్పుడూ దింపలేదు." దారిలో చెర్రీ పళ్లు కొనిపెట్టాను.

రాడ్నీ సభ నిర్ణయించిన వేగంతో వస్తున్నాడు కనుక మేం ముందే చేరాం. ఆ క్యాంపు నియమం ఏమంటే, బుకింగు ఎవరి పేర ఉందో వాళ్లే వచ్చి సాయంత్రంలోగా సంతకం పెట్టాలి. లేకపోతే ఆ చోటు వెయిటింగులో ఉన్నవాళ్లకి పోతుంది. ఆర్లీన్ సంతకం పెట్టింది. ఆవిణ్ణి ఇంటికి పంపబోయేటప్పుడు ఈ నియమం అల్లుడికి గుర్తు రాలేదు. ఇది కొక్కేలకి సంబంధించింది కాదు మరి.

శుక్రవారం మధ్యాహ్నం మా క్యాంపుల్లో వెనకనడక పరిశీలక సంఘం సమావేశమవుతుంది. అంటే అందరూ మడతకుర్చీలు రోడ్డువారగా వేసుకుని, తలా ఒక బీరు పట్టుకుని, కొత్తవాళ్లు ట్రైలర్‌ని వెనక్కి నడిపి తమ చోట్లో పెట్టడం చూస్తారు. చప్పట్లు నిషిద్ధం. తల ఆడించవచ్చు. ఆర్లీన్‌కి పాత పరిచయస్తులు ముందు వరసలో కుర్చీ వేశారు.

రాడ్నీ వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు దగ్గర ఆపేశారు. "మీ పేరుతో ఏం లేదు సార్. ఆర్లీన్ గారు లోపలున్నారు. రానివ్వమంటారేమో కనుక్కొస్తా, ఆగండి." ఆవిడ చెర్రీ గింజ ఊసి, ఒక క్షణం ఆలోచించి, రానివ్వమంది.

"ఎడమకి తిప్పు!" అని జనెల్ వెనకనుంచి అరిచింది.

"ఎవరి ఎడమ?"

"నా ఎడమ!"

"నువ్వెటు తిరిగున్నావో నాకేం తెలుసు!"

సంఘం నిశ్శబ్దంగా తలలు ఆడించింది. ముందుకీ వెనక్కీ చాలాసేపు పోయి, ఒక చెత్తడబ్బాని పడేసి, ట్రైలర్ చివరికి చోట్లో పడింది. కొక్కెం, కమ్ములు, గొలుసులు, తీగ అన్నీ క్షేమం. రాడ్నీ చెమట తుడుచుకుంటూ దిగి అత్తగారి కుర్చీ ముందు నిలబడ్డాడు.

"ఏమయ్యా అల్లుడూ, నన్ను దించేశాక బండి ఊగకుండా వచ్చిందా?"

రాడ్నీ లైసెన్సు కౌంటరులో తప్ప ఎక్కడా అబద్ధం చెప్పి ఎరగడు. "లేదత్తయ్యా. ఇంకా కొంచెం ఊగింది."

ఆర్లీన్ గాలానికి ఎర గుచ్చుతూ తలెత్తలేదు.

"అయితే తిరిగి వెళ్లేటప్పుడు నువ్వు దిగి చూడు."