తాజ్‌బీ ఇంట్లో ఊరంతా

ఐదో బస్సు కూడా తాజ్‌బీ గడప ముందుకే వచ్చి ఆగింది. సుదర్శన్‌కు ముచ్చెమటలు పట్టాయి.

గుట్ట కింద రేవుపల్లిలో కృష్ణ నీళ్లు మొదటి ఇళ్ల దాకా వచ్చేశాయి. మధ్యాహ్నంలోగా ఊరందరినీ గద్వాల శిబిరానికి చేర్చాలి. జనం ఎక్కడున్నారో వాళ్ల సెల్‌ఫోన్లను బట్టి పసిగట్టి, దగ్గరి దారిన బస్సులు పంపే ప్రోగ్రాం రాసింది ఇంజనీర్ సుదర్శనే. పొద్దున దాకా దాన్ని చూసి మురిసిపోయాడు. ఇప్పుడది, ఊరంతా గుట్ట మీది ఈ రెండు గదుల ఇంట్లోనే ఉందంటోంది.

"ఇంట్ల ఎంతమంది ఉన్నరమ్మా?"

"నేనొక్కదాన్నే బేటా. ఎవరి పెండ్లి? షామియానా గావాల్నా?" అంది తాజ్‌బీ. ఆమెది టెంట్ హౌస్.

సుదర్శన్ రేవుపల్లి సర్పంచ్ తిరుపతయ్యకు ఫోన్ చేశాడు. తాజ్‌బీ మంచం కింద పాట మోగింది. ఉపసర్పంచ్‌కు చేశాడు. బియ్యం డబ్బా మీద మోగింది. తొంగి చూస్తే గది నిండా ఫోన్లే.

"రెండు దినాలాయె కరెంటు లేక. నా తాన జనరేటర్ ఉంది గదా! అందరు చార్జింగ్ ఈడ్నే పెట్టి పోయిండ్రు."

ఇంతలో ఆరో బస్సు కూడా వచ్చి ఆగింది. వచ్చిన డ్రైవర్ల ఫోన్లను కూడా కంప్యూటర్ జనం లెక్కలో వేసుకుంది మరి.

"ఊర్లకు తోలు!" అని డ్రైవర్ చిన్నయ్య మీద అరిచాడు సుదర్శన్. చిన్నయ్య మలుపు దాకా వెళ్లి, బస్సును వెనక్కే నడుపుకుంటూ వచ్చాడు.

"కల్వర్టు కొట్టుకపోయింది సారూ. ముందుగాల్నే పోయుంటే బస్సులన్ని అవతల్నే చిక్కుకుంటుండె."

అప్పుడే పై అధికారి అర్చన ఫోన్ చేసింది. సుదర్శన్ నీళ్లు నములుతూ జరిగింది చెప్పాడు.

"ఫోన్లన్నీ ఒక్కచోటికి చేరేలా చేసిందెవరు? నాకు పేరు కావాలె, సుదర్శన్!"

సరిగ్గా అప్పుడు గుట్ట వెనక కాలిబాట మీద గొడుగులు కనిపించాయి. చంకలో కోడితో ముందు ముసలి భీమమ్మ, వెనక రేవుపల్లి ఊరంతా.

"బస్సులు ఈడున్నయని ఎవరు చెప్పిండ్రు అవ్వా?" అని అడిగాడు సుదర్శన్.

"బస్సులా? ఫోన్ల కోసం వచ్చినం కొడుకా! ఫోను ఇడిశిపెట్టి ఊరెట్ల ఇడుస్తం?"

ఒక్కరూ మిగలకుండా అందరూ ఎక్కారు. ఫోన్లు లేని పిల్లలంతా, లెక్క తప్పి వచ్చిన ఆ ఆరో బస్సులోనే పట్టారు. భీమమ్మ కోడికి కిటికీ పక్కన సీటు దొరికింది. సుదర్శన్ కళ్లు తుడుచుకుని తాజ్‌బీకి చేతులు జోడించాడు.

"నాకెందుకు దండం? ఫోన్లు మస్తు చార్జింగ్ పెట్టి ఆన్‌ల ఉంచుకోండ్రని మొన్న ఎవరో సారు ఊరందరికి మెసేజ్ పెట్టిండంట. ఆయనకు పెట్టు."

సుదర్శన్ జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఫోన్ మళ్లీ మోగింది.

"పేరు దొరికిందా?" అంది అర్చన.

"దొరికింది మేడం. సుదర్శన్."