అరవై మీటర్ల అద్దకం

ఆ శనివారం ఉదయం ఏలీయా మాస్టారు రెండే పనులు పెట్టుకున్నారు. గేటు గొళ్ళేనికి నూనె పెట్టడం, మార్కెట్టుకెళ్ళి గోంగూర తేవడం. మూడో పని ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పకపోగా వద్దన్నారు కూడా.

వద్దన్నది కూతురు షీబా. కొండలెక్కడం నేర్పే ఇన్‌స్ట్రక్టరు పరీక్ష కోసం ఆ సాయంత్రమే ఆమె గుడివాడలో రైలెక్కాలి. డాక్టరు సర్టిఫికెట్టు కోసం బయల్దేరుతూ వరండాలో చుట్టగా పెట్టిన తాడును చూపించింది.

"డాడీ, దీని మధ్య గుర్తు చెరిగిపోయింది. కొండ మీద కొక్కేనికి తాడు సరిగ్గా మధ్యలో తగిలించి, రెండు కొసలూ కిందికి వదిలి దిగుతాం. మధ్య తప్పిందనుకోండి, ఒక కొస నేలదాకా రాదు. చూసుకోకుండా దిగితే గాల్లోకి పోవడమే. గుర్తు లేని తాడు తెస్తే రేపు పరీక్షకే రానివ్వరు. నేనొచ్చాక వేసుకుంటాను, దానికి వేరే పెన్నుంది. మీరు మాత్రం ముట్టుకోకండి."

ఇన్ని మాటల్లో మాస్టారి చెవిలో నిలిచిపోయింది 'గాల్లోకి పోవడమే' అన్నదొక్కటే.

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి ఆయన. మూడేళ్ళ క్రితం కూతురు కొండలెక్కుతానంటే, "బందరులో కొండెక్కడుందమ్మా? మన చుట్టుపక్కల గడ్డివామిని మించిన ఎత్తు లేదు కదా!" అని వాదించి ఓడిపోయారు. అప్పట్నుంచి ఆమె ఎక్కడ కొండెక్కినా, దిగానని ఫోన్ వచ్చేదాకా ఆయన అన్నం ముట్టరు. ఆ సంగతి ఆమెతో చెప్పరు. ఆయనకు భయం. ఆ భయం బయటపడితే కూతురి కాళ్ళు వణుకుతాయేమోనని ఇంకా భయం.

టేబుల్ మీదున్న ఆ పెన్ను తీసి చూశారు. నల్లబల్ల మీదా నోటు పుస్తకాల్లోనూ ఎన్ని గీతలు చెరిగిపోవడం చూశారాయన! "నా కూతురి ప్రాణం పెన్ను గీత మీద పెట్టమంటారా?" అని వంటింటివైపు అడిగారు.

"గోంగూర తెమ్మన్నాను," అంది భార్య అన్నమ్మ.

మాస్టారు బీరువా మీదనుంచి బడినాటి చెక్క స్కేలు దించి, వీధి పొడుగునా తాడు పరిచి కొలిచారు. మొదటిసారి యాభై ఎనిమిది మీటర్లు వచ్చింది. పాలవాడి సైకిల్ దాని మీదుగా వెళ్ళాక మళ్ళీ కొలిస్తే అరవై ఒకటి వచ్చింది. లెక్కల మాస్టారు కాబట్టి సగటు తీసి, అందులో సగం లెక్కగట్టి, అక్కడ ఒక పురికొస ముక్క కట్టారు. తాడును స్కూటర్ మీద వేసుకుని పెడన బయల్దేరారు.

పెడనలో పాండురంగారావు ఆయనకు పదో తరగతి దాకా బెంచీ స్నేహితుడు. మూడు తరాలుగా కలంకారీ అద్దకం వాళ్ళ పని.

"బావా, ఈ పురికొస ఉన్నచోట జన్మకి చెరగని గుర్తు కావాలి," అన్నారు మాస్టారు.

"చెరగడమా? బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నలుపు మాది. గుడ్డ చిరుగుతుంది గానీ అది పోదు. కాకపోతే కరక్కాయ నీళ్ళలో నానితేనే నలుపు పట్టుద్ది."

"జానెడు చాలు బావా."

"జానెడు నానబెడితే అంచున చార పడుద్ది. రేపు ఎవరైనా చూసి 'ఇది పాండురంగారావు పనా?' అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నానితే మొత్తం నానాల్సిందే."

పనివాడి పట్టుదలకు మాస్టారు తలొగ్గారు. అరవై మీటర్ల తాడూ కరక్కాయ నీళ్ళలో మునిగి, పైకి తేలి, ఎండలో ఆరింది. ఆ తర్వాత పాండురంగారావు మామిడి పిందె అచ్చు తీసి, తాడును దొర్లిస్తూ చుట్టూ నాలుగు పిందెలు అద్దాడు. నైలాన్ మీద అవి మామిడి పిందెల్లా కాక నాలుగు చీమల్లా వచ్చాయి. తాడును అద్దకం గుడ్డల పక్కనే దండెం మీద వేసి, స్నేహితులిద్దరూ టీ తాగడానికి సెంటరుకెళ్ళారు.

అక్కడే అసలు చిక్కొచ్చింది. పెడనలో ఏ ఇంట్లోనైనా నలుపు అద్ది దండెం మీద వేశారంటే, తర్వాత ఎరుపు కాగులో ఉడికించమని అర్థం. ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. పాండురంగారావు భార్య రాధాకుమారి దండెం మీదున్నవన్నీ తీసి, వరసగా కాగులో వేసింది.

టీ తాగి వచ్చిన మాస్టారు దండెం ఖాళీగా ఉండటం చూశారు. "అమ్మా, తాడేదీ?"

"ఉడుకుతోందన్నయ్యగారూ," అంది రాధాకుమారి కర్రతో కలియబెడుతూ.

బయటికి తీసేసరికి తాడు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా ఉంది. నాలుగు చీమలూ ఎటు పోయాయో తెలియదు. పురికొస ఊడి కాగు అడుగున దొరికింది. అంతా కలిసి తాడును కాలవలో జాడించారు. ఎరుపు పోలేదు, తాడు మాత్రం మెత్తబడి వేలాడింది. "ఇట్లా ఇంటికి పంపిస్తే మర్యాదగా ఉండదు," అని రాధాకుమారి బాధపడి, కొత్తదానిలా నిగనిగలాడుతుందని దానికి చిక్కటి గంజి పెట్టింది. మధ్య ఎక్కడో తెలియక, పాండురంగారావు అందాజుగా ఒకచోట మళ్ళీ నాలుగు పిందెలు వేశాడు.

ఎండ మహా ఎండ. గంటలో తాడు కర్రయి కూర్చుంది. దాన్ని చుట్టలేక, మడవలేక, మాస్టారు మెడలో పెద్ద పెద్ద చక్రాలుగా తగిలించుకుని బందరుకు స్కూటర్ నడుపుకుంటూ వచ్చారు. దారిలో ఇద్దరు ఆయనకు దండం పెట్టారు. దేనికో ఆయన అడగలేదు.

గేటు దగ్గర షీబా నిలబడి ఉంది. తాడు ముట్టుకుని చూసింది. వాసన చూసింది.

"డాడీ... ఇది గంజా?"

"కొద్దిగా."

షీబా సంగతంతా తండ్రి చేత చెప్పించుకుని కోచ్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి జరిగిందంతా చెప్పింది.

"కరక్కాయా? దాంట్లో ఏముంటుంది?" అని అడిగాడు కోచ్.

"అజీర్తికి మంచిదండీ," అన్నారు మాస్టారు వెనకనుంచి.

కోచ్ ఇక ఆయనను వదిలి షీబాతో మాట్లాడాడు. "షీబా, ఇనుప రసం పట్టించి, రంగులో ఉడికించిన తాడు లోపల ఏమైందో పైకి చూసి చెప్పలేం. దాని పని అయిపోయింది. దాని మీద ఎవరూ వేలాడకూడదు. పరీక్షకు వేరే తాడు చూసుకో."

మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు. కూతురి మూడేళ్ళ కష్టాన్ని ఒక్క పూటలో ఉడకబెట్టి తెచ్చారు. "నువ్వు గాల్లోకి పోకూడదనేనమ్మా," అన్నారు.

"ఇంకా చెప్పండి," అంది అన్నమ్మ గుమ్మంలోంచి. "నువ్వు దిగానని ఫోన్ చేసేదాకా ఈయన మెతుకు ముట్టరే. మూడేళ్ళుగా ఇదే వరస. చెప్పొద్దని నా మీద ఒట్టు కూడాను."

షీబా కోపమంతా ఎక్కడికి పోయిందో పోయింది. తండ్రి పక్కన కూర్చుని, తాడు కొసలు రెండూ పట్టుకుంది. "రెండు కొసలూ కలిపి పట్టుకుని మడుచుకుంటూ పోతే మధ్య అదే దొరుకుతుంది కదా డాడీ! స్కేలెందుకు?" అంటూ ఒక్కో మడత ఫెళఫెళమని విరుస్తూ చివరికి వచ్చింది. పాండురంగారావు పిందెలు అసలు మధ్యకు రెండు బారల దూరంలో ఉన్నాయి.

ఆ రెండు బారలనూ మాస్టారు చాలాసేపు చూశారు.

గుడివాడలో షీబా స్నేహితురాలు ఏంజెల్ దగ్గర తాడుంది. సరిగ్గా సగంలో నేతరంగే మారిపోయే రకం అది, గుర్తే అక్కర్లేదు. దానితో షీబా రైలెక్కింది. పోతూపోతూ ఎర్రతాడును కూడా తీసుకెళ్ళింది. రెండోరోజు పరీక్షలో తాడు మధ్య గుర్తు క్షేమంగా ఎలా వేయాలని అడిగితే, మిగతావాళ్ళు తయారీదారు ఒప్పుకున్న సిరానే వాడాలని పుస్తకంలో ఉన్నది అప్పజెప్పారు. షీబా అదే చెప్పి, ఎలా వేయకూడదో చూపించడానికి ఎర్రతాడు బల్ల మీద పెట్టింది. అది తనంతట తానే నిలబడింది. పరీక్ష పెట్టినవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి దాన్ని గోటితో మీటి చూశారు. షీబాకు మొదటి స్థానం వచ్చింది.

నెల తిరక్కుండా గుడివాడలో ఒక కాలేజీ హాల్లో ఆమె మొదటి క్లాసు. మాస్టారు ముందుగానే భోంచేసి వచ్చి, చిట్టచివరి బెంచీలో గోడకానుకుని కూర్చున్నారు. షీబా ఎర్రతాడును అందరికీ చూపిస్తూ కరక్కాయ, కాగు, గంజి వరసగా చెప్పుకొచ్చింది. పిల్లలు పడీపడీ నవ్వారు.

"మేడమ్, నిజంగా ఇట్లా ఎవరైనా చేస్తారాండీ?" అని ఒకమ్మాయి లేచి అడిగింది.

షీబా చూపు చివరి బెంచీ మీదికి వెళ్ళింది. హాలంతా ఆ వైపు తిరిగింది. మాస్టారు కూడా వెనక్కి తిరిగి, ఎవరా అని గోడను చూశారు.