ఒకే ఫోల్డరు, రెండు బోర్డులు

తొమ్మిదింటికల్లా లైబ్రరీలోని ఎలక్ట్రానిక్ బోర్డుకు కొత్త ప్రోగ్రాము పంపించాలి. పదింటికి అది గోడమీద సవ్యంగా నడుస్తోందని మేనేజరుకు చూపించాలి. పదకొండింటికి ఆయన చేత ఉద్యోగం ఖాయం చేయించుకోవాలి. ఆ ఉదయం కొత్తమ్మాయి వేసుకున్న పథకం ఇంతే. ఆరేళ్ళు ఇంటిపట్టున ఉండి కొడుకును పెంచి, మళ్ళీ ఉద్యోగంలో చేరిన ముప్పైయారేళ్ళ మనిషిని ఆఫీసంతా కొత్తమ్మాయి అనే పిలిచేవారు. ఆమె ఆరు నెలల పరీక్షాకాలం ఆ రోజుతో సరి. ఆ తరువాత ఉంచుతారో, పంపిస్తారో మేనేజరు ఇష్టం. ఆమె మీట నొక్కకముందే లిఫ్టు వచ్చి నిలబడింది. రోజూ కిర్రుమనే కుర్చీ కూడా నోరెత్తలేదు. ఇలాంటి చిన్న చిన్న దయలను నమ్ముకునే మనిషి పెద్ద పెద్ద పనులకు దిగుతాడు.

ఊళ్ళో సందేశాల బోర్డులు నడిపే ఆ ఆఫీసు మూలన ఒక కంప్యూటరుంది. ప్రోగ్రాములో ఎవరు ఏ మార్పు చేసినా, రిపోజిటరీ అనే కొట్టులో దాచిన కోడంతా తెచ్చుకుని, కూర్చి, బోర్డులకు పంపడం దాని పని. ఆ తెచ్చుకోవడాన్ని చెకౌట్ అంటారు. తెచ్చుకునే ముందు పాత ఫోల్డరును పూర్తిగా తుడిచేస్తుంది కాబట్టి ప్రతిసారీ పన్నెండు నిమిషాలు పడుతుంది. రోజూ తుడిచి, రోజూ అంతా మోసుకురావడమెందుకు, మారినవి మాత్రం తెస్తే చాలదా అనుకుని, కొత్తమ్మాయి సెట్టింగుల్లో 'తుడవాలా' అన్నచోట 'వద్దు' అని పెట్టింది. పని నలభై సెకన్లలో అయిపోయింది. అంతకుముందు అదే ఫోల్డరులో ఎదురు సందులోని పళ్ళ డాక్టరుగారి క్లినిక్ బోర్డు తయారైందని ఆమెకు తెలియదు. పులుపు వండిన గిన్నెను కడగకుండా పాలు పోసినట్టయింది.

తొమ్మిదిన్నరకు అత్తగారు ఫోను చేసింది. ఆవిడ రోజూ లైబ్రరీ తలుపు తీసేవేళకే వెళ్ళి పేపర్లన్నీ వరసబెట్టి చదివే మనిషి.

"ఏమ్మా, నువ్వు చేసిన బోర్డేనా ఇది? నన్ను నోరు తెరవమంటోంది."

"నోరా?"

"తెరిచాను కూడా. ఆ తరవాత ఏం చెయ్యాలో చెప్పట్లేదు."

"ముందు మూసెయ్యండి అత్తయ్యా."

"ఇప్పుడదే అంటోంది. నోరు మూసుకుని కదలకుండా కూర్చోవాలిట, వంతు రాగానే నొప్పి తెలీకుండా పీకేస్తారుట. ఏం పీకుతారో చెప్పలేదు. చప్పుడవుతుందని ఇక్కడ ఎవరూ పేజీ కూడా తిప్పట్లేదమ్మా."

కొత్తమ్మాయి పరుగున ఫోల్డరు తెరిచి చూసింది. సందేశాల ఫైలు అప్పటికే ఉంటే యంత్రం కొత్తది రాయదు. డాక్టరుగారిది ఉంది కాబట్టి లైబ్రరీది రాయలేదు. ఆమె ఆ ఒక్క ఫైలునూ చేత్తో తీసేసి మళ్ళీ నడిపింది. లైబ్రరీ బోర్డు దారికొచ్చింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ కంగారులో సెట్టింగును మాత్రం మార్చలేదు. రోజూ పదింటికి క్లినిక్ బోర్డు తనంతట తానే తయారవుతుంది. ఆ రోజు కూడా తయారైంది, లైబ్రరీ సందేశాలతో.

పది దాటిన ఐదు నిమిషాలకు మేనేజరు ఫోను చేత్తో పట్టుకుని వచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"డాక్టరుగారి ఫోనమ్మా. ఆయన బోర్డు పేషెంట్లని పట్టుకుని, తీసుకెళ్ళినవాటికి గడువు దాటింది, వెంటనే కౌంటర్లో అప్పగించండి అంటోందిట."

"ఎవరైనా అప్పగించారా సార్?"

"ఒక పెద్దాయన కట్టుడుపళ్ళు తీసి కౌంటరు మీద పెట్టాడు. ఆయన్ని చూసి ఇంకొకాయన. పదకొండింటికి నాతో మాట్లాడాలన్నావు కదా, ఇప్పుడే మాట్లాడుకుందామా?"

"పన్నెండు నిమిషాలివ్వండి సార్."

"పన్నెండెందుకు?"

"తుడవడానికి."

ఆమె రెండు బోర్డులకూ చెరొక ఫోల్డరు పెట్టింది. 'వద్దు' తీసేసి 'అవును' పెట్టింది. యంత్రం తాపీగా తుడవడం మొదలుపెట్టింది. అంతలో లైబ్రేరియను మెట్లెక్కి వచ్చింది. గొంతెత్తి మాట్లాడటం తెలియని మనిషి, ఆయాసపడుతోంది.

"మా బోర్డు బాగుచేసిందెవరు?"

కొత్తమ్మాయి లేచి నిలబడింది. "నేనేనండి."

"ఎందుకు బాగుచేశారు? పదకొండేళ్ళనుంచి నాలుగు గోడలకీ నిశ్శబ్దం, నిశ్శబ్దం అని అంటించుకుంటున్నాను. ఒక్కరు విన్న పాపాన పోలేదు. ఇవాళ పీకేస్తామనేసరికి చీమ చిటుక్కుమంటే వినబడింది. మీరు మార్చారు, మళ్ళీ సంత. ఆ పాత మాటే మాకు కావాలండి. కావాలంటే రాసిస్తాను."

మేనేజరు నోరు తెరిచేలోగా ఫోను మళ్ళీ మోగింది. ఆయన నిలబడి విన్నాడు. తరువాత కూర్చుని విన్నాడు.

"కిందటివారం క్లినిక్కులో రెండు పళ్ళసెట్లు తారుమారయ్యాయిట" అన్నాడు ఫోను దించి. "ఇద్దరూ వారంనుంచీ నమల్లేక చస్తుంటే, అదే అలవాటవుతుందిలెండి అని పంపేస్తున్నాడు ఈ డాక్టరు. ఇవాళ కౌంటరు మీద పక్కపక్కన పెడితే ఎవరివెవరివో తేలింది. ఇద్దరూ నీకు దండాలు చెప్పమన్నార్ట."

"కడిగే పెట్టుకున్నారా సార్?"

"కడిగేనట."

ఆఫీసులో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. లైబ్రేరియను కూడా, చప్పుడు కాకుండా, కలిసింది. కొత్తమ్మాయికి మాత్రం మనసొప్పలేదు.

"తప్పు నాదే సార్. తుడవొద్దన్నది నేనే."

మేనేజరు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాలుగేళ్ళ కిందట రెంటికీ ఒకే ఫోల్డరు పెట్టిందెవరనుకున్నావు? నువ్విప్పుడు విడగొట్టావు, అది చాలు. ఇంకెవరితోనూ అనకు."

సరిగ్గా పదకొండింటికి ఆయన ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం టైపు చేసి, సంతకం పెట్టి, అందరి ముందూ ఆమె చేతికిచ్చాడు. అత్తగారికి ఫోనులో చదివి వినిపిస్తూ ఆమె రెండో వాక్యం దగ్గర ఆగింది. కిందటేడు ఇంకొకరికి ఇచ్చిన ఉత్తరాన్నే తెరిచి పేరొక్కటి మార్చాడు కాబట్టి, కాగితాల ప్రకారం ఆమె నేటికీ ఆ ఆఫీసులో పర్మనెంటు డ్రైవరు.